కనవడే చక్కెర కొంచెమే.. కనవడనిదే కొంప ముంచుతున్నది

షుగర్ బీమారి అంటే ఒకప్పుడు ఊర్లల్ల పెద్దగ భయం లేకుండె. అది పట్నపోళ్ల రోగం, కుర్చీల కూసొని పనిచేసేటోళ్ల రోగం, పైసలున్నోళ్ల రోగం అనుకునేటోళ్లు. పొద్దుగాల లేస్తే బాయికాడికి వోయి ఒళ్లు వంచేటోనికి అది ఎందుకస్తది అనే ధీమా ఉండె. ఇప్పుడు ఆ ధీమా చెల్లదు. ఏ ఊరికి వోయినా, ఏ వాడకు వోయినా షుగర్ గోలీలు మింగేటోళ్లు కనవడుతున్నరు. 30, 35 ఏండ్లోళ్లు గూడ అందుల ఉన్నరు.

దేశం లెక్క చూస్తే గుండె జల్లుమంటది. ఐసీఎంఆర్ తరఫున చేసిన పెద్ద సర్వే 2023ల బయటికొచ్చింది. దేశంల 10.1 కోట్ల మందికి షుగర్ ఉన్నదని, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప మీద నిలవడి ఉన్నరని తేల్చింది. గడప మీద ఉండుడంటే డాక్టర్లు ప్రీడయాబెటిస్ అనేది. రక్తంల చక్కెర ఉండాల్సిన దానికంటే ఎక్వ, బీమారి అనేదానికంటే జర తక్వ. ఆ సర్వేల ఇంకో ముచ్చట ఉన్నది, అది మనం చెవుల వెట్టుకోవాలె. షుగర్, బీపీ, ఊబకాయం పట్నాలల్లనే ఎక్వ కనవడ్డయి. గడప మీద ఉన్నోళ్ల కాడికి వచ్చేసరికి మాత్రం పల్లెకు, పట్నానికి తేడా లేకుంట వోయింది. అంటే రేపు ఈ బీమారి బారిన పడేటోళ్లు మన దిక్కు గూడ అంతే తయారుగున్నరు.

దీనికంతా చక్కెర ఒక్కటే కారణం అంటే అబద్ధమైతది. ఇంట్ల అవ్వయ్యలకు ఉన్న బీమారి, నడుము చుట్టూ చేరిన కొవ్వు, తగ్గిపోయిన నడక, మూడు పూటల తెల్లన్నం, నిద్ర లేకపోవుడు అన్నీ కలుస్తయి. చక్కెర తిన్నోళ్లందరికీ షుగర్ రాదు, తిననోళ్లకు రాదనే గ్యారంటీ గూడ లేదు. అయితే ఈ కారణాలన్నిట్ల ఒక్క పైస ఖర్సు లేకుంట, మీదికెల్లి పైసలు మిగిలేటట్టు, ఇయ్యాళ్లనే మార్చుకునేది చక్కెర. తగ్గించాలె అనంగనే మన చూపు చాయ్ గిలాస మీదికి వోతది. దానికంటే ముందుగాల కిరాణ దుకాణంల ఉన్న ఫ్రిజ్ దిక్కు చూడాలె.

చెరుకుల ఏముంటది, చక్కెరల ఏం మిగులుతది

ఫ్యాక్టరీల చెరుకు రసం తీసి, సున్నం కలిపి, గంధకం పొగ పట్టించి, మురికిని తేరుస్తరు. తర్వాత మరిగించి చిక్కగ చేస్తరు. పలుకు కట్టినంక గిర్రున తిరిగే యంత్రంల వేస్తే మొలాసిస్ అనే నల్ల పాకం విడిపోయి, తెల్లటి పలుకులు మిగులుతయి. ఆ పలుకులల్ల 99 శాతం పైన ఉండేది సుక్రోజ్ ఒక్కటే. చెరుకుల ఉన్న పీచు పిప్పితోని వోయింది. ఖనిజాలు ఎక్వ శాతం మొలాసిస్‌తోని వోయినయి. కొందరు దీన్ని తెల్ల విషం అని వాట్సాప్‌ల తిప్పుతరు. గంత మాట అక్కర్లేదు. చక్కెర విషం కాదు, అందుల శక్తి తప్ప ఇంకేం లేదు. గ్రాముకు 4 క్యాలరీలు, అంతే. మాంసకృత్తులు లేవు, విటమిన్లు లేవు, కడుపు నిండిన సోయి గూడ రాదు.

సుక్రోజ్ అంటే రెండింటి జంట. సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగులకు వోయినంక ఆ జంట విడిపోతది. గ్లూకోజ్ రక్తంల కలిసి ఒళ్లంతా తిరుగుతది. ఫ్రక్టోజ్ ఎక్వ శాతం కార్జానికి వోతది.

గ్లూకోజ్ సంగతి తెల్వాలంటే మన చెరువును యాది చేసుకోండ్రి. రక్తం చెరువు అనుకుందాం, గ్లూకోజ్ నీళ్లు అనుకుందాం. కండలు, కార్జం, కొవ్వు ఉండే జాగలు కింది పొలాలు. తూము తెరిచి పొలాలకు నీళ్లు వారిచ్చే నీరటి పేరే ఇన్సులిన్. జొన్న రొట్టె తిన్నా, పప్పు తిన్నా, గుడాలు తిన్నా గ్లూకోజ్ వస్తది. పీచు, మాంసకృత్తులు అడ్డం ఉంటయి కాబట్టి అది వాగుల జాలు వచ్చినట్టు మెల్లెగ వస్తది. నీరటి నిమ్మలంగ తన పని తాను చేసుకుంటడు. గదే ఒక కూల్ డ్రింక్ సీసా ఎత్తి గటగటా తాగితే వరద ఒక్కసారే దిగుతది. నీరటి ఉరుక్కుంట వచ్చి అన్ని తూములు ఎత్తాలె.

పండుగకోసారి వరద వస్తే ఏం కాదు. రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు, యేండ్ల కొద్ది గిట్లనే వస్తే, ఖర్సు కాని శక్తి కొవ్వయి కార్జంల, కడుపు చుట్టూ చేరుతది. అప్పుడు పొలాలు మాకు చాలు అని మడువలు మూసుకుంటయి. నీరటి చెప్పినా ఇనవు. దీన్నే డాక్టర్లు ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటరు. నీరటి ఇంకింత కష్టపడతడు, కొన్నేండ్లకు అలిసిపోతడు. ఇగ చెరువుల నీళ్లు ఎటూ పోక నిలిచి కట్టను కోస్తయి. కండ్లు, కిడ్నీలు, గుండె, కాళ్ల నరాలు ఆ కోతకే దెబ్బతింటయి. కిడ్నీలు ఖరాబయి డయాలసిస్ దాక వోయేటోళ్లల్ల షుగర్ ఉన్నోళ్లే మస్తుమంది.

ఫ్రక్టోజ్ సంగతి ఇంకో తీరు. కార్జం దాన్ని కొంత వాడుకుంటది, ఎక్వైన దాన్ని కొవ్వు కింద మారుస్తది. సుక్క మందు ముట్టనోళ్లకు గూడ కార్జానికి కొవ్వు పట్టుడు గిట్లనే జరుగుతున్నది. నేను సన్నగున్న, నాకేం కాదు అనే మాట గూడ ఇక్కడ చెల్లదు. మన దేశపోళ్ల ఒళ్లు ఓ తీరు ఉంటది. చేతులు కాళ్లు సన్నగనే ఉంటయి, కొవ్వు మాత్రం పొట్టల దాసుకుంటది. అందుకే మనకు నడుము కొలత తక్వనే పెట్టిండ్రు. మొగోళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలె.

ఒక్క రోజు లెక్క రాసి చూద్దాం

ఎంత చక్కెర తినొచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015ల ఒక లెక్క చెప్పింది. రోజంతా మనం తినే శక్తిల చక్కెర వాటా 10 శాతం దాటొద్దు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది అని. రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి 10 శాతమంటే 50 గ్రాములు, 5 శాతమంటే 25 గ్రాములు. మన హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గూడ 2024ల ఇచ్చిన సూచనలల్ల ఈ 25 గ్రాముల గీతనే గీసింది. 25 గ్రాములంటే సమానంగ తీసిన చిన్న చెంచాలు ఆరు. కుప్పగ తీస్తే ఆరు గూడ రావు.

ఇగ మన ఊరి పోరగాని ఒక్క రోజు లెక్క రాద్దాం. పొద్దుగాల ఇంట్ల చాయ్, రెండు చెంచాలు, 8 గ్రాములు. దాంట్ల ముంచుకునే నాలుగు బిస్కెట్లు, 5 గ్రాములు. పదకొండు గంటలకు అడ్డ మీద దోస్తులతోని ఇంకో చాయ్, 8 గ్రాములు. మధ్యాహ్నం ఎండకు 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్. చాలా కూల్ డ్రింకులల్ల 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటది, అంటే సీసాకు 26 గ్రాముల దాక. పొద్దూకినంక ఇంకో చాయ్, 8 గ్రాములు. మొత్తం 55 గ్రాములు. మిఠాయి ముట్టలేదు, ఐస్‌క్రీం తినలేదు, చాక్లెట్ నోట్ల ఏసుకోలేదు. అయినా గీత రెండు రెట్లు దాటింది.

ఈ 55 గ్రాములను 365 రోజులకు లెక్కగడితే 20 కిలోలు. రెండున్నరేండ్లకు ఒక్క మనిషి 50 కిలోల చక్కెర బస్తా ఖాళీ చేసినట్టు.

ఈ లెక్కల ఒక్క సీసాదే సగానికి దగ్గర వాటా. మూడు చాయ్‌లు కలిపినా 24 గ్రాములే అయితే, సీసా ఒక్కటే 26. చాయ్‌ల చక్కెర మన చేతుల మీద వడేది. ఎన్ని చెంచాలు ఏసినమో తెలుస్తది. సీసాల చక్కెర వేరేటోడు ఏసింది. గ్యాస్, పులుపు, సల్లదనం కలిసి ఆ తీపిని సగం దాస్తయి. ఆరు చెంచాల చక్కెరను ఒక గిలాస నీళ్లల్ల కలిపి ఇస్తే ఎవ్వలం తాగం, కడుపుల తిప్పుతది. గదే చక్కెర సీసాల వోస్తే పైసలు ఇచ్చి తాగుతున్నం.

తాగే చక్కెరతోని ఇంకో తిప్పలున్నది. నమిలి తింటే కడుపుకు తెలుస్తది, తర్వాతి బుక్క తక్వ తింటం. తాగితే కడుపు దాన్ని తిండి కింద లెక్కవెట్టదు. సీసా తాగినోడు అన్నం ఒక్క ముద్ద గూడ తక్వ తినడు. అందుకే తగ్గించుడు షురూ చేస్తే సీసా కాడికెల్లే షురూ చెయ్యాలె.

బెల్లం, తేనె, చెరుకు రసం మంచియే గదా?

చక్కెర మానేసినం, బెల్లం చాయ్ తాగుతున్నం అని మస్తుమంది ధైర్యంగ ఉంటున్నరు. రోడ్ల పొంటి బెల్లం చాయ్ బోర్డులు గూడ పెరిగినయి. బెల్లం తయారీల మొలాసిస్ తీసెయ్యరు కాబట్టి కొంత ఇనుము, కొంత ఖనిజం మిగులుతది, అది నిజం. మిగతా ఎక్వ భాగం ఆ సుక్రోజే. కామారెడ్డి బెల్లమైనా, అనకాపల్లి బెల్లమైనా రక్తంలకు వోయినంక చేసే పని అదే. ఇనుము కోసమని బెల్లం తినాలంటే మస్తు తినాలె, అంత తింటే ఇనుము కంటే ముందు చక్కెర ఎక్కుతది. దానికి బదులు తోటకూర, పప్పులు, నువ్వులు, మాంసం, గుడ్డు మేలు. తేనె గూడ ఇదే లెక్కల వడతది. రుచి కోసం బెల్లం వాడుకుంటే వాడుకోండ్రి, చెంచాల లెక్కల మాత్రం దాన్ని గూడ కలపాలె.

చెరుకు రసం, పండ్ల రసం గూడ గంతే. జామకాయను కొరికి తింటే పీచు వస్తది, తీపి మెల్లెగ ఎక్కుతది, ఒకటి తినంగనే చాలనిపిస్తది. నాలుగు బత్తాయిలు పిండి గిలాసల వోస్తే పీచు పిప్పిల వోతది, నాలుగు పండ్ల తీపి రెండు నిమిషాలల్ల లోపలికి వోతది. పండును పండు లెక్క తినాలె. సీతాఫలాల కాలంల సీతాఫలం, రేగుపండ్ల కాలంల రేగుపండ్లు తినండ్రి, వాటి మీద ఈ కోపం అక్కర్లేదు.

చక్కెర లేని డైట్ డ్రింకులు, తీపి గోలీలు గూడ దుకాణాలల్ల దొరుకుతున్నయి. బరువు తగ్గుటానికి వీటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల చెప్పింది. నాలుకకు తీపి అలవాటు అట్లనే ఉంటది, మళ్ల మళ్ల తీపే కోరుతది.

పాకిట్ ఎనుక సదువుండ్రి

పాకిట్ ముంగట హీరోయిన్ నవ్వుతది, క్రికెటర్ కండలు చూపిస్తడు. నిజం ఎనుక చిన్న అచ్చరాలల్ల ఉంటది. ఫోన్‌ల కెమెరా పెట్టి పెద్దగ చేసి సదువుండ్రి. అందుల రెండు సంగతులు చూడాలె.

మొదటిది, ఏమేం కలిపిండ్రు అనే జాబితా. ఎక్వ కలిపింది ముందు, తక్వ కలిపింది ఎనుక రాయాలనేది రూలు. మొదటి మూడు పేర్లల్ల చక్కెర ఉన్నదంటే అది మిఠాయి కింద లెక్క. కొన్నిసార్లు చక్కెర మారుపేర్లతోని వస్తది. గ్లూకోజ్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్.. ఇవన్నీ చక్కెర చుట్టాలే.

రెండోది, పోషకాల పట్టిక. అందుల టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్ అని రాసి ఉంటది. యాడెడ్ అంటే ఫ్యాక్టరీల కలిపింది. ఆ లెక్క తరుచు 100 గ్రాములకో, 100 మిల్లీలీటర్లకో ఇస్తరు. 100కు 11 అని చూసి తక్వనే అనుకోవద్దు. మీ చేతుల సీసా 250 అయితే రెండున్నర రెట్లు చెయ్యాలె. వచ్చినదాన్ని 4తోని భాగిస్తే చెంచాల లెక్క తేలుతది.

పెద్ద పెద్ద పేర్లు చూసి మోసపోవద్దని చెప్పేటందుకు రెండు ముచ్చట్లు యాది పెట్టుకోండ్రి. పాలల్ల కలుపుకునే పొడులను హెల్త్ డ్రింక్ అనే పేరు కింద అమ్మొద్దని 2024 ఏప్రిల్‌ల కేంద్ర సర్కారు ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. మన చట్టంల హెల్త్ డ్రింక్ అనే రకమే లేదని అప్పుడు బయటపడ్డది.

ఇంకోటి ఓఆర్ఎస్ ముచ్చట. మందుల దుకాణాలల్ల ఓఆర్ఎస్ అనే అచ్చరాలు పేరుల పెట్టుకొని తియ్యటి డ్రింకులు అమ్మిండ్రు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్ఎస్‌ల లీటర్ నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటది. ఈ డ్రింకులల్ల దానికి ఎన్నో రెట్లు చక్కెర. విరేచనాలు అయితున్న పిల్లగానికి గంత చక్కెర తాపితే అది పేగులల్లకు నీళ్లను గుంజి విరేచనాలను ఇంకా పెంచుతది. హైదరాబాద్‌ల పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద దగ్గర దగ్గర ఎనిమిదేండ్లు కొట్లాడిండ్రు, హైకోర్టు దాక వోయిండ్రు. 2025 అక్టోబర్‌ల ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అసొంటి డ్రింకుల పేర్లల్ల ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. ఒక్క మనిషి పాకిట్ ఎనుక సదివితే ఏమైతదో చూడుండ్రి.

చక్కెరకు గూడ దాని జాగ ఉన్నది, అది ఇక్కడే తెలుస్తది. ఓఆర్ఎస్ పాకిట్ దొరకకుంటే లీటర్ మంచినీళ్లల్ల సమానంగ తీసిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాపితే పాణం నిలవడతది. కొలత తప్పొద్దు. పాణం పోసేది ఆ కొలతనే, ఖరాబు చేసేది గూడ కొలత తప్పుడే.

పసిపిల్లలకు తీపి అలవాటు చేయొద్దు

చిన్నప్పటి చక్కెర పెద్దయినంక ఎంత పని చేస్తదో తెలిపే ముచ్చట బ్రిటన్‌ల ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధం కాలంల అక్కడ చక్కెరను రేషన్ మీద కొలిచి ఇచ్చేటోళ్లు. యుద్ధం అయిపోయినంక గూడ అది నడిచింది, 1953 సెప్టెంబర్‌ల ఎత్తేసిండ్రు. ఎత్తేయంగనే చక్కెర వాడకం రెట్టింపు దాక పెరిగింది. రేషన్ ఉన్నప్పుడు తల్లి కడుపుల పడి, పసితనం గడిపినోళ్లను, రేషన్ ఎత్తేసినంక పుట్టినోళ్లను పరిశోధకులు పోల్చి చూసిండ్రు. 2024ల సైన్స్ పత్రికల వచ్చిన ఆ లెక్క ప్రకారం, రేషన్ కాలపు పిల్లలకు పెద్దయినంక షుగర్ వచ్చే ముప్పు 35 శాతం దాక, బీపీ ముప్పు 20 శాతం దాక తక్వున్నది. వచ్చినోళ్లకు గూడ షుగర్ నాలుగేండ్లు ఆలస్యంగ వచ్చింది.

మన ఇండ్లల్ల ఏం జరుగుతున్నదో చూసుకుందాం. పిల్లగాడు ఏడిస్తే బిస్కెట్‌ను చాయ్‌ల ముంచి నోట్ల పెడుతున్నం. పాలల్ల చక్కెర ఏయకుంటే తాగడని ఏస్తున్నం. చుట్టాలు వస్తే చేతుల చాక్లెట్ పెడుతున్నరు. రెండేండ్ల లోపు పిల్లలకు చక్కెర కలిపిన తిండి, తియ్యటి డ్రింకులు వద్దనేది డాక్టర్ల మాట. పిల్లగానికి తీపి తెల్వకుంటే తీపి అడగడు, అలవాటు చేసేది మనమే. పాల పండ్లు పుచ్చుడు గూడ దీనితోనే. నోట్ల ఉండే క్రిములు చక్కెరను తిని ఆమ్లం వదులుతయి, ఆ ఆమ్లం పన్నును తింటది.

మరి కష్టం చేసేటోళ్లకు శక్తి ఎట్ల?

వరినాట్లు ఏసేటోళ్లు, హమాలీ పనిచేసేటోళ్లు, సెంట్రింగ్ పనికి వోయేటోళ్లు అడిగే మాట ఇది. కండలు పని చేస్తుంటే గ్లూకోజ్ బిరబిర ఖర్సయితది, కూసున్నోనికంటే వాళ్లకు కొంత వెసులుబాటు ఉంటది. అయితే మనం నిజంగ గంత కష్టం చేస్తున్నమా అనేది గూడ చూసుకోవాలె. దున్నుడు ట్రాక్టర్ చేస్తున్నది, కోసుడు హార్వెస్టర్ చేస్తున్నది, బాయికాడికి బండి మీద వోతున్నం, మిగిలిన టైం ఫోన్‌ల రీల్స్ చూస్తున్నం. తిండి తాతల లెక్కనే ఉన్నది, కష్టం తాతలదంత లేదు.

నిజంగ ఎండల పని చేసేటోనికి కావాల్సింది నీళ్లు, ఉప్పు, నిలిచే తిండి. అంబలి, సల్ల, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు, జొన్న రొట్టె, గట్క ఆ పని చేస్తయి. ఎనర్జీ డ్రింక్ ఇచ్చే ఊపు ఎక్వ శాతం కెఫిన్‌ది, చక్కెరది. గంటసేపు ఎగిరి మళ్ల నీరసం వడతది. పిల్లలకు, గర్భిణులకు ఇది వద్దని ఆ సీసా మీదనే చిన్న అచ్చరాలల్ల రాసి ఉంటది. మన ఊర్లల్ల ఆరో తరగతి పోరగాండ్లు గూడ దాన్ని పట్టుకొని తిరుగుతున్నరు.

చెరుకు రైతు సంగతేంది అని ఇంకో ప్రశ్న వస్తది. రావాలె గూడ. చక్కెర మన నేలకు పరాయిది కాదు. నిజాం కాలంల, 1937ల పెట్టిన బోధన్ ఫ్యాక్టరీ ఆసియాలనే పెద్దదని పేరు తెచ్చుకున్నది, ఆ జాగకు శక్కర్‌నగర్ అనే పేరే వడ్డది. 2015 డిసెంబర్‌ల బోధన్‌తోపాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు గూడ మూతపడ్డయి. దేశంల జనం చక్కెర తినుడు తగ్గి అవి మూతపడలేదు. చెరుకు రైతు బతుకు సర్కారు, యాజమాన్యాలు తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడి ఉన్నది. మన పిల్లల చేతుల సీసా ఉంటేనే రైతు బతుకుతడు అనేది ఒట్టి మాట.

ఎట్ల తగ్గించాలె

ఒక్కసారే అన్నీ బందు పెడతమని ఒట్టు పెట్టుకున్నోళ్లు ఎక్వ శాతం వారం రోజులకు మళ్ల మొదటికొస్తరు. వరుస పెట్టుకొని పోతే నిలుస్తది.

మొదటి రెండు వారాలు సీసాలు బందు పెట్టండ్రి. కూల్ డ్రింక్, ఎనర్జీ డ్రింక్, పాకిట్ జ్యూస్.. ఈ మూడు మానితేనే చాలామందికి సగం పని అయిపోతది. రోజుకు 20 రూపాయల సీసా ఒకటి తాగేటోనికి నెలకు 600, ఏడాదికి 7,200 రూపాయలు మిగులుతయి. గుడ్డు 7 రూపాయలనుకున్నా నెలకు 85 గుడ్లు వస్తయి.

తర్వాత చాయ్‌ల చెయ్యి పెట్టండ్రి. రెండు చెంచాలు ఏసుకునేటోళ్లు వారం రోజులు ఒకటిన్నర, ఇంకో వారం ఒకటి, ఆ తర్వాత అర. మొదట్ల సప్పగనే ఉంటది. కొన్ని వారాలల్ల నాలుక అలవాటు పడతది, అప్పుడు పాత చాయ్ తాగితే పాకం లెక్క అనిపిస్తది. హోటల్‌ల చాయ్ ముందే కలిపి పెడతరు కాబట్టి చక్కెర తక్వ ఎయ్యి అన్నా అని ముందుగాలనే చెప్పాలె. నలుగురు అడుగుడు మొదలువెడితే హోటలాయన గూడ ఏరుగ కాస్తడు.

ఇగ చిల్లర తిండి. బిస్కెట్, క్రీం బన్ను, చాక్లెట్ జాగల పల్లీలు, పుట్నాలు, గుడాలు, మక్క కంకులు, ఉడకవెట్టిన గుడ్డు పెట్టుకోండ్రి. పొద్దుగాల కడుపు నిండ తిన్నోనికి పదకొండు గంటలకు తీపి మీద పాణం కొట్టుకోదు. రాత్రి సరిగ్గ నిద్ర పోనోనికి తెల్లారి తీపి మీదికి మనసు ఎక్వ వోతది, ఇది గూడ యాది పెట్టుకోండ్రి.

పండుగ పండుగే. బతుకమ్మకు మలీద ముద్దలు తినాలె, పెండ్లిల మిఠాయి తినాలె. ఏడాదిల పది, పదిహేను రోజుల తీపి మనల్ని పాడు చెయ్యదు. మిగిలిన 350 రోజులు ఏం తాగుతున్నం, ఏం నములుతున్నం అనేదే అసలు లెక్క. చక్కెర తగ్గించినం అని తెల్లన్నం రెండింతలు తింటే గూడ ఫాయిదా లేదు. పళ్లెంల అన్నం జర తగ్గించి, కూర, పప్పు పెంచాలె.

ఒక్క జాగ్రత్త. ఇప్పటికే షుగర్ గోలీలు మింగేటోళ్లు, ఇన్సులిన్ సూది ఏసుకునేటోళ్లు తిండిని ఒక్కసారి మార్చేముందు డాక్టర్‌ను అడగాలె, మందు కొలత మార్చాల్సి రావొచ్చు. వాళ్లకు ఎప్పుడన్న చేతులు వణికి, చెమటలు వట్టి, కండ్లు తిరిగితే చక్కెర పడిపోయిందని అర్థం. అప్పుడు మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి వెంటనే తాపాలె. ఆ టైంల వద్దని ఆపొద్దు. సోయి తప్పి ఉంటే మాత్రం నోట్ల ఏం పొయ్యకుంట దవాఖానకు ఉరకాలె.

ముందు మీ లెక్క తెలుసుకోండ్రి

సర్కారు తరఫున ఊర్లల్ల షుగర్, బీపీ పరీక్షలు 30 ఏండ్లు నిండినోళ్లకు చేస్తరు. 22, 25 ఏండ్లోళ్లను ఎవ్వలు పిలవరు. మీ అవ్వకో, అయ్యకో షుగర్ ఉంటే, నడుము కొలత దాటితే, మెడ ఎనుక, సంకలల్ల తోలు నల్లగ మందంగ అయితే మీరే వోయి అడగాలె. మెడ నలుపు మురికితోని వచ్చిందని రుద్దుతుంటరు, అది ఇన్సులిన్ మాట ఒళ్లు ఇనకపోవుడికి గుర్తు కావొచ్చు. పరగడుపున చేసిన పరీక్షల 100 లోపు ఉంటే మంచిది, 100 నుంచి 125 దాక గడప మీద ఉన్నట్టు, 126 దాటితే మళ్లోసారి చేయించి డాక్టర్‌ను కలవాలె. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 నుంచి 6.4 దాక గడప, 6.5 నుంచి బీమారి. గడప మీద ఉన్నోళ్లు తిండి మార్చుకొని, నడిచి, నడుము తగ్గించుకుంటే ఎనుకకు మళ్లొచ్చు. లోపలికి వోయినంక ఎనుకకు వచ్చుడు కష్టం.

2025 మే నెలల సీబీఎస్ఈ తన బడులన్నిట్ల షుగర్ బోర్డులు పెట్టాలన్నది. ఏ డ్రింక్‌ల ఎంత చక్కెర ఉన్నదో పిల్లలకు కండ్లకు కట్టేటట్టు రాసే బోర్డులన్నట్టు. మన ఊరి సర్కారు బడికి ఆ ఆర్డర్ వర్తించదు. అయినా ఆర్డర్ కోసం ఆగాల్సిన పనేమున్నది? యూత్ సంఘంల పది మంది ఉన్నరు. దుకాణంల దొరికే ఖాళీ సీసాలు, పాకిట్లు పది తెచ్చి, ఒక్కోదానిల ఉన్నంత చక్కెరను చిన్న కవర్లల్ల తూచి, అట్ట మీద పక్కపక్కన అతికించి బడిల, పంచాయతీ ఆఫీసుల తగిలియ్యండ్రి. 200 రూపాయలు గూడ ఖర్సు గాదు. ఆరు చెంచాల చక్కెర కవర్‌ల కనవడ్డంక, ఆ సీసా మూత తీసే చెయ్యి జరంతసేపన్న ఆగుతది.